చిత్రిక పట్టే చేతులకు పనేది?

పాత తలుపు చెక్కను బల్లకు బిగించి చిత్రిక పడుతున్న మనిషికి నలభై ఐదేళ్లుంటాయి. ఈ చివర మొదలైన తోపు ఆ చివరి దాకా ఎక్కడా తడబడదు. పొట్టు తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. నాలుగు తోపులకోసారి ఆగి బొటనవేలితో చెక్కను తడుముతాడు. ఎత్తు తగిలిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టి మళ్లీ మొదలుపెడతాడు. షెడ్డులో ఎంత ఉక్కపోసినా చొక్కా చేతులు మాత్రం మడవడు. ఏళ్ల తరబడి హెరాయిన్ సూదులు దిగిన చేతులవి.

అది 2013 వసంతం. ఊరు లిస్బన్. ఒకప్పుడు మత్తుమందుల సంతగా పేరుమోసిన కజాల్ వెంతోజు పేట ఆ వడ్రంగి షెడ్డుకు దగ్గరే. 1990ల చివర్లో పోర్చుగల్ జనాభాలో నూటికి ఒకరు హెరాయిన్‌కు అలవాటు పడ్డారని అంచనా. 2001 జులై 1 నుంచి అమలైన చట్టం ప్రకారం పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాణ్ని జైలుకు పంపరు, ఒక కమిషన్ ముందుకు పంపుతారు. మా సంపాదకుడు నన్ను చూసి రమ్మన్నది ఆ చట్టాన్నే. దాని గురించి ప్రపంచమంతా రాసింది. అంతకు మూడేళ్ల ముందే, 1998లో, కోలుకుంటున్నవాళ్లకు పని చూపించడానికి మొదలైన ‘వీదా-ఎంప్రెగు’ పథకాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మధ్యవర్తి ఒకరు యజమానిని వెతికి ఒప్పించేవారు, పనిలో చేరినవాణ్ని కనిపెట్టుకుని ఉండేవారు. జీతం భారంలో కొంత ప్రభుత్వం మోసేది.

ఆ పథకం తరఫున షెడ్డుకు వచ్చిపోయే మధ్యవర్తి చురుకైన మనిషి. ఆమె ఫిర్యాదు చట్టాల మీద కాదు, పళ్ల మీద. “వీళ్లకు ముందు పళ్లు కట్టించండి. ఇంటర్వ్యూలో నోరు తెరిచేసరికి యజమాని మొహం మారిపోతుంది” అంటోంది. హెరాయిన్ రోజుల్లో ఊడిపోయిన పళ్లు మళ్లీ రావు. పోర్చుగల్ ప్రభుత్వ వైద్యంలో పెద్దవాళ్ల పళ్లకు దొరికే చోటు చాలా తక్కువ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం ఆ షెడ్డులో సగం మందికి అలవాటైపోయింది.

2013 మొదటి మూడు నెలల్లో దేశంలో నిరుద్యోగం 17 శాతం దాటింది. పాతికేళ్ల లోపు వాళ్లలో పని చేస్తున్నవాళ్లను, వెతుక్కుంటున్నవాళ్లను కలిపి లెక్కిస్తే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి పని లేదు. 2011లో తీసుకున్న 7,800 కోట్ల యూరోల అప్పుకు షరతుగా ఖర్చులు కోశారు. భవన నిర్మాణం పడకేసింది. పాత జీవితం గురించి పెద్దగా అడగకుండా చేర్చుకునే పనుల్లో అదొకటి. అప్పట్లో ఏడాదికి లక్ష మందికి పైగా దేశం వదిలి వెళ్లేవారు.

కుర్చీ బాగు చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ షెడ్డంతా కలయజూసి ఉండబట్టలేక అనేసింది: “మా వాడు ఇంజనీరు. సిగరెట్టు కూడా ముట్టడు. ఇక్కడ పని లేక జర్మనీ పోయాడు. వీళ్లకేమో ప్రభుత్వం జీతాలిస్తోంది!” ఎవరూ బదులివ్వలేదు. చిత్రిక చప్పుడు మాత్రం ఆగింది.

ఆవిడ కడుపుకోత నిజం. కానీ వరస చివర నిలబడ్డవాణ్ని బయటికి నెడితే ఆ ఇంజనీరు ఇంటికి తిరిగి రాడు. ఆ వడ్రంగికి ఏళ్లపాటు వైద్యం చేయించింది ఆ ప్రభుత్వమే. హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మెథడోన్ మందును రోజూ పోస్తున్నదీ అదే. మందు ఒంట్లో వణుకును ఆపుతుంది. మిగిలిన పగలంతా ఎలా గడవాలి? ఖాళీగా గడిచే పగళ్లే మనిషిని పాత స్నేహితుల దగ్గరికి నడిపిస్తాయని షెడ్డులో అందరికీ తెలుసు. పనిని జబ్బు నయమయ్యాక ఇచ్చే బహుమతిగా చూసేవాళ్లు కరువు రాగానే మొదట దానికే కోత పెడతారు. పని కూడా వైద్యమే. దాన్ని మధ్యలో ఆపితే అంతకుముందు పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టే. సరిగ్గా అలాంటి కాలంలోనే, 2012లో, మత్తు వైద్యాన్నంతా ఒక్కచోట నడిపిన జాతీయ సంస్థను రద్దు చేసి చికిత్సను ప్రాంతీయ ఆరోగ్య విభాగాలకు పంచేశారు. మళ్లీ ఒకే సంస్థ కిందికి తేవడానికి 2024 దాకా పట్టింది.

మన దగ్గర గంజాయి అనగానే లెక్క కిలోల్లోకి వెళ్తుంది. ఎన్ని పట్టుకున్నారు, ఎన్ని తగలబెట్టారు అన్నదే వార్త. ఆంధ్రప్రదేశ్ 2024లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగమే పెట్టింది. పెట్టాల్సిందే. డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడు మర్నాడు పొద్దున్నే ఏ పనికి వెళ్తాడన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ కనబడదు. ఊరంతా మొహం గుర్తుపట్టే చోట వాడికి మెకానిక్ షెడ్డులో పానా అందించే పని దొరకడం కూడా కష్టమే.

లిస్బన్ షెడ్డులో ఆ మధ్యాహ్నం మధ్యవర్తికి ఒక బేకరీ యజమాని ఫోన్ చేశాడు. ఒక మనిషిని తీసుకుంటాడట. పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలు. మెథడోన్ బండి వచ్చేది ఎనిమిదిన్నరకు. అప్పుడు అరగంట వదలాలని ఆమె, పావుగంట చాలని అతను. బేరం చాలాసేపు నడిచింది. చివరికి అరగంటకే కుదిరింది. ఆ అరగంటకు జీతం కోయనని అతని నోట చెప్పించుకున్నాకే ఆమె ఫోన్ పెట్టేసింది. సోమవారం నుంచి వెళ్లాల్సిన కుర్రాడికి జారని అడుగున్న బూట్లు లేవు. ఎవరివి సరిపోతాయో చూడ్డానికి అందరూ తమ బూట్లు విప్పి తలా ఒక జత ముందుకు తోశారు.