రామదాసు తిట్టు

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం.

ప్రియమైన మిత్రుడికి,

నువ్వు బదిలీ మీద భద్రాచలం వెళ్ళాక ఇక్కడ మారిందేమీ లేదు. చైతన్యపురి సందుల్లో హాస్టళ్ళు, స్టడీ హాళ్ళు అలాగే కిటకిటలాడుతున్నాయి. నేనింకా టెట్ పిల్లలకు తెలుగు బిట్లు చెప్పుకుంటూనే ఉన్నాను. నీతో వాదించాల్సిన సంగతొకటి వచ్చిపడింది, అందుకే ఈ ఉత్తరం.

పద్యమో గేయమో ఇచ్చి, మాట్లాడేవాడి ధోరణి ఏమిటని అడిగితే మన పిల్లలు మాటల్ని పట్టుకుంటారు. కన్నీళ్ళుంటే విషాదం, తిట్లుంటే కోపం. అదే పిల్లలు ఎల్బీనగర్ చౌరస్తాలో ఆలస్యంగా బస్సు దిగిన దోస్తును "మస్తు జల్ది వచ్చినవ్ రా" అంటే, ఆ వచ్చినవాడు పొరబడడు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటున్నారో తెలుసు గనక. కాగితం మీదికి వచ్చేసరికి ఆ మూడూ మరిచిపోతారు.

అందుకని రామదాసు 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన ఇచ్చాను. పాడొద్దు, చదవండన్నాను. రాగం వింటే జవాబు ముందే తెలిసిపోతుంది కదా. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం. చేయించిన నగ, దానికి పట్టిన సొమ్ము, వరసగా. గోల్కొండ కొలువులో తహసీల్దారుగా లెక్కలు రాసిన చేయి మరి, తిట్టేటప్పుడూ పద్దు తప్పదు. ఆ తర్వాత ఇదంతా మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని నిలదీత. అందరూ 'కోపం' అని రాసేశారు.

చివరిదాకా చదివించాను. తిట్టానని నొచ్చుకోవద్దు, దెబ్బలకు తాళలేక అన్నానంటాడు. గొంతు తిరిగింది అక్కడే. కొట్టిస్తున్నది గోల్కొండ సుల్తాను తానీషా, తిట్లు పడుతున్నది రాముడికి! తానీషాను అలా అడగగలడా? ఈ సంగతి తట్టాక మళ్ళీ మొదటి చరణం చదివితే అందులోనూ కోపం కన్నా చనువే ఎక్కువ వినిపిస్తుంది.

పుస్తకాలు దీన్ని నిందాస్తుతి అంటాయి. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకాన్నీ ఆ గాటనే కడతాం. అక్కడ శ్రీకాకుళం దేవుణ్ణి ఎత్తిపొడవడం చమత్కారం, కవి నవ్వుతూనే ఉంటాడు. ఇక్కడ ఒంటి మీద దెబ్బలున్నాయి. పేరు ఒకటే, గొంతులు రెండు. అందుకే ఇప్పుడు పేరు రాయమనడం మానేసి, గొంతు మారిన చోట గీత గీయమంటున్నాను.

"పిల్లలకు కావల్సింది మార్కులురా" అంటావు, తెలుసు. చివరి చరణాలు చదవకుండా పెట్టిన టిక్కుకు మార్కులెక్కడివి?

ఆ నగలు మీ గుడిలో ఇప్పటికీ చూపిస్తారు కదా. మీ పిల్లల్ని తీసుకెళ్ళి చూపించు, ఆ తర్వాతే కీర్తన చదివించు. నగలు చూసిన కళ్ళకు కోపం కనిపించిందో, చనువు కనిపించిందో రాయి. నాతో ఒప్పుకోకపోతే ఇంకా వివరంగా రాయి.

నీ
పాత రూమ్మేట్