66 మిల్లీమీటర్ల ముక్క

క్లారినెట్‌లో మౌత్‌పీస్‌కీ పై గొట్టానికీ మధ్య ఉండే చిన్న ముక్కే బారెల్. పొడవు మామూలుగా 65, 66 మిల్లీమీటర్లు. నెల రోజులుగా నా పాత నల్లచెక్క బారెల్ తీసేసి, లావుపాటి కోకోబోలో చెక్క బారెల్‌తో వాయిస్తున్నాను. చేతికి బరువు తెలుస్తోంది, చెవికి నాదం మెత్తగా వినిపిస్తోంది.

ఆ మెత్తదనం నిజంగా చెక్కదేనా? గొట్టం ఏ పదార్థంతో చేసినా నిలకడ స్వరంలో చెప్పుకోదగ్గ తేడా రాదని భౌతికశాస్త్రవేత్త జాన్ బాకస్ 1964లోనే ప్రయోగాలతో చూపించారు. అసలు కీలకం లోపలి రంధ్రానిది. ఫిలడెల్ఫియాలో వాద్యాలు బాగుచేసే హాన్స్ మోనిగ్ చేసిన బారెళ్లకు పేరొచ్చింది అందుకే. లోపల పైన వెడల్పుగా, కిందికి సన్నగా తొలిచి, కింది స్వరాలకూ పై స్వరాలకూ శ్రుతి కుదిర్చారు. అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

కొత్త ఆకారాలు ప్రయత్నించాల్సిందే, వాద్యం ఎదిగేది అలాగే. కచేరీకి తీసుకెళ్లే ముందు మాత్రం ట్యూనర్ పెట్టుకుని వాయించండి. తర్వాత ఏ బారెల్ వాడుతున్నారో చెప్పకుండా ఒక మిత్రుడికి వినిపించండి. కంటికి నచ్చిందని కాదు, శ్రుతి నిలిచిందని ఎంచుకోండి.