అయిదంగుళాల గద్వాల చీర

ఆరు గజాల చీరను అయిదు నిమిషాల్లో కట్టుకునేవాళ్లం మనం. అదే చీరను అయిదంగుళాల కొండపల్లి బొమ్మకు కట్టడానికి నాకు ఆరు రోజులు పట్టిందంటే నమ్ముతారా? కట్టడమంటే గుడ్డపేలిక చుట్టడం కాదండోయ్, కుంచెతో కట్టడం!

కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో చెక్కుతారు. చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపిన మక్కుతో చేతులూ అవీ అతికిస్తారు. పైన సున్నపు పూత. అంతవరకూ బొమ్మ ఒంటిమీద చీర ఉండదు. కుచ్చిళ్లయినా, పైటయినా రంగుల్లోంచి రావలసిందే.

"ఎర్రరంగు పూస్తే ఎర్రచీర. దానికింత హడావిడా?" అంటారు మా వారు. మగవాళ్లకేం, ఏమైనా అంటారు. మీరొకసారి మీ కొంగు వంక చూడండి. ఒకే రంగని కొన్నారు కదా, ఇప్పుడందులో ఎన్ని రంగులున్నాయి? మడత పైభాగం లేతగా, లోపల ముదురుగా, మధ్యలో అసలు రంగు. నీడ కోసం నల్లరంగు కలిపారో, చీర మాసినట్టుంటుంది. అదే రంగులో ముదురు వెతుక్కోవాలి. అంచును స్కేలు పెట్టి గీసినట్టు గీస్తే చీర కాస్తా రేకుడబ్బా అవుతుంది. ప్రతి కుచ్చిలి దగ్గరా గీత వంగాలి, మడతలోకి మాయమవాలి, పక్క కుచ్చిలి మీద మళ్లీ తేలాలి.

నేను వేయాలనుకున్నది మా అమ్మ గద్వాల చీర. గద్వాల అంటే మీకు తెలియనిదేముంది? ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒకే బొమ్మ మీద రెండు బట్టలు! నూలు మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. పట్టు మీద అలా కాదు, సన్నగా తళుక్కుమంటుంది, ఆ పక్కనే చటుక్కున చీకటి. ఇక జరీకి బంగారురంగు పూస్తే తగరపు కాగితంలా ఉంది. అది గీకేసి కాఫీరంగు, దానిమీద పసుపు, ఆపైన అక్కడక్కడ మీగడరంగు చుక్కలు పెట్టాను. అప్పుడు జరీ అయింది. నాలుగంగుళాల అంచు ఈ లెక్కలో అంగుళంలో మూడో వంతు. ఊపిరి బిగబట్టి వేశాను.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. ఆ చీర ఇప్పుడు లేదు. అన్నయ్య కాలేజీ ఫీజు కోసం, వీధిలోకొచ్చిన పాతజరీ వాడికి అమ్మ దాన్ని ఇచ్చేసింది. మిగిలింది ఒక నలుపు తెలుపు ఫొటో. అక్కయ్య అది కనకాంబరం రంగంటుంది. నేను ఇటుకరాయి రంగంటాను. అమ్మ పోయాక ఎన్ని పండుగలకు ఈ వాదన పెట్టుకున్నామో! ఇద్దరిలో ఒకరు అమ్మను మరచిపోతున్నామేమోనని ఇద్దరికీ లోపల భయం.

సరే, నా మాటే నెగ్గాలని ఇటుకరాయి రంగుతోనే మొదలుపెట్టాను. మడతల మీద వెలుగు కోసం అందులో పసుపూ తెలుపూ కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే ఏం వచ్చిందనుకున్నారు? కనకాంబరం!

కుంచె పక్కన పెట్టేసి కూర్చున్నాను. అక్కయ్య నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఆమె గుర్తుంచుకున్నది పొద్దుటెండలో తులసికోట చుట్టూ తిరిగే అమ్మను. నేను గుర్తుంచుకున్నది చీకటి వంటింట్లో ఆ కుచ్చిళ్లలో ముఖం దాచుకున్నప్పటి అమ్మను. చీర ఒకటే, వెలుగే వేరు.

మొన్న సంక్రాంతి బొమ్మల కొలువుకు అక్కయ్య వచ్చింది. బొమ్మను కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు వేళ్లతో కొంగు పట్టి చూడబోయింది, గోరు కర్రకు తగిలింది.

"గంజి కాస్త ఎక్కువ పెట్టావే!" అంది, కళ్లొత్తుకుంటూ.