ఉచితమే గానీ ఊరికే రాదు

నేను వెళ్లేసరికి బాబాయి లాప్‌టాప్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, దాని అడుగున ఉన్న స్టిక్కర్ చదువుతున్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీని ఆనుకుని రిటైరయ్యాక కట్టుకున్న ఇల్లది. రైళ్ల కూత వినబడనంత దూరంలో ఆయనకు నిద్రపట్టదు.

''ఏట్రా, దీన్ని పాత ఇనుముకి వేసేయమంటన్నాడు షాపువాడు. ఇంకా తొమ్మిదేళ్లు కూడా కాలేదు'' అన్నారు.

షాపతను చెప్పినదాంట్లో పూర్తి అబద్ధమేమీ లేదు. 2015లో వచ్చిన విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని తర్వాతి వెర్షన్ పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. బాబాయి యంత్రం ఆ గీతకు ఇవతలే ఉండిపోయింది. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, చార్జింగ్ రెండు గంటలు నిలుస్తోంది. అయినా అది తుక్కే.

ఆయన దిగులు లాప్‌టాప్ గురించి కాదు, అందులో ఉన్నదాని గురించి. సిగ్నల్ శాఖలో ఉద్యోగం ముగిశాక ఆయన బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాల కథ రాస్తున్నారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరి మీదుగా పట్టాలు వేసింది. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది. ఆ పట్టాల వెంబడే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమస్తాలుగా వచ్చినవాళ్లు ఎందరో. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రమయ్యే నాటికి వాళ్ల మనవలకు ఇదే సొంతూరు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పనిలో చేరారు, పిల్లను ఎక్కడికిచ్చారు, ఎవరి చేతి వంటకు పేరు... అన్నీ కలిపి రెండు వందలకు పైగా పేజీలు. ఉన్నది ఒకే కాపీ.

''లినక్స్ వేద్దాం బాబాయ్'' అన్నాను. నేను చదివింది రాజనీతి శాస్త్రం. లినక్స్ నాకు వచ్చిందనడం కంటే, ఖర్చు తగ్గించుకోబోయి అలవాటైందనడం నిజం.

''ఉచితమా?''

''ఉచితమే.''

''మరి పాడైతే ఎవడికి చెప్పాల?''

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి పది రోజులూ ఇద్దరం ఆ జవాబే వెతుక్కున్నాం.

బాబాయి లోపలికి వెళ్లి గీతల పుస్తకం ఒకటి తెచ్చారు. స్కేలు పెట్టి నిలువు గడులు కొట్టారు: తేదీ, వేళ, లోపం, కారణం, చేసిన పని, సరైన వేళ. సిగ్నల్ ఫెయిలైతే ముందు రిజిస్టర్లో రాస్తారు, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటారు. అయితే మా రిజిస్టర్లో మొదటి ఎంట్రీ లోపం కాదు. పనిచేస్తున్న సిగ్నల్ పరికరాన్ని విప్పాలంటే స్టేషన్ మాస్టర్‌కు ముందుగా డిస్‌కనెక్షన్ మెమో ఇవ్వాలి. ఆయన సంతకం పెట్టాకే చెయ్యి వేయాలి. ''నువ్వేం మెమో ఇస్తావు?'' అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. బయటి డిస్క్ ఒకటి కొనుక్కొచ్చి, ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి, రెండు మూడు తెరిచి చూశాకే పని మొదలుపెట్టాం. లినక్స్‌ను ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాం. అలా చూస్తే హార్డ్‌డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారదు. ఆ తర్వాత పాత విండోస్‌కు సగం చోటు వదిలి, మిగతా సగంలో ఎక్కించాం.

మొదటి లోపం వైఫై. పక్కింటి ఫోన్లకు అందుతున్న సిగ్నల్ లాప్‌టాప్‌కు కనబడలేదు. ఇది లినక్స్ కొత్తగా వేసుకున్న చాలామందికి ఎదురయ్యేదే. వైఫై చిప్‌ను నడిపించే డ్రైవర్ లినక్స్‌లో ఉన్నా, కొన్ని చిప్‌లకు కరెంటు రాగానే లోపలికి ఎక్కించాల్సిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి విడిగా కావాలి. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. కొందరు తయారీదారులు డ్రైవర్‌నే విడిగా ఇస్తారు. అది తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే అది కావాలి. మెట్టు లేని అటక లాంటి ఈ సమస్యకు మందు జేబులోనే ఉంది. ఫోన్‌ను చార్జింగ్ తీగతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే ఫోన్‌లోని నెట్ తీగ గుండా వస్తుంది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే, ఏ చిప్ ఉందో, దానికేం కావాలో అదే చెప్పింది.

దించుకున్నాం. అయినా పలకలేదు. రిజిస్టర్లో 'సరైన వేళ' గడి ఖాళీ. చివరికి అడ్డం సెక్యూర్ బూట్ అని తేలింది. గుర్తింపు సంతకం లేని డ్రైవర్‌ను యంత్రం మొదలయ్యేటప్పుడే ఆపేసే ఏర్పాటది. దాన్ని తీసేయడం తేలిక. తీసేయకుండా, మన తాళంచెవిని కూడా యంత్రం ఒప్పుకునేలా నమోదు చేయడం మంచి పద్ధతి. రీస్టార్ట్ చేయగానే నీలం తెర ఒకటి వచ్చి అంతకుముందు మనం పెట్టుకున్న పాస్‌వర్డ్ అడుగుతుంది. కంగారుపడి దాటేస్తే మళ్లీ మొదటికి వస్తాం. బాబాయికి ఇది చిటికెలో అర్థమైంది. ''మా రిలే రూముకీ రెండు తాళాలుండేవి. ఒకటి మాస్టర్ దగ్గర, ఒకటి మా దగ్గర. ఒక్కడే తెరవలేడు.'' ఆ సాయంత్రం వైఫై వచ్చింది. ఆయన గడియారం చూసి 'సరైన వేళ' రాశారు.

గడియారం చూడటం ఆయనకు ఉద్యోగం ఇచ్చిన అలవాటు. మరుసటి లోపాన్ని పట్టుకున్నదీ అదే. లినక్స్ వాడి విండోస్ తెరిస్తే వేళ వెనక్కి పోతోంది. విండోస్ నుంచి లినక్స్‌కు వస్తే, నెట్ అందేదాకా ముందుకు పరిగెడుతోంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. రెండు రోజులు వేళలు రాసి, నాకు చూపించారు. ''బ్యాటరీ పోతే ఇంత లెక్కగా తప్పుతాదేటి? ప్రతిసారీ అయిదున్నర గంటలే. అయిదున్నరంటే ఏటి?''

అయిదున్నరంటే గ్రీనిచ్‌కూ మనకూ ఉన్న తేడా. భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి బిలాస్‌పూర్ చాలా దగ్గర. ఈ దేశపు వేళ దాదాపు ఈ ఊరి వేళే. యంత్రంలోని గడియారంలో ఉన్నది అంతర్జాతీయ కాలమని లినక్స్ అనుకుంటుంది. అదే స్థానిక కాలమని విండోస్ అనుకుంటుంది. గడియారం ఒకటే, చదివేవాళ్లు ఇద్దరు. స్థానిక కాలాన్నే పాటించమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే తగాదా తీరిపోయింది. నేను బ్యాటరీ మార్పించి ఉంటే డబ్బు పోయేది, లోపం మాత్రం ఉండేది.

ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి మారింది. నేను తెరను చూసి ఊహించడం మానేశాను. ఒకసారికి ఒక్క మార్పే చేయడం, చేసింది రాయడం, తెర మీద కనబడ్డ తప్పు సందేశాన్ని ఉన్నదున్నట్లు ఎక్కించడం మొదలుపెట్టాను. తెలిసిన స్నేహితుడికి ఫోన్ చేసి 'లినక్స్ పనిచేయడం లేదు' అంటే అతనేం చెప్పగలడు? లాప్‌టాప్ మోడల్, లినక్స్ వెర్షన్, చివరిగా ఏం మార్చాం, సరిగ్గా ఏ మాట కనబడింది అని చెబితే సగం పని అయినట్లే. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాం. ఎవరో చెప్పిన ఆదేశాన్ని, అదేం చేస్తుందో తెలియకుండా టెర్మినల్‌లో అతికించకూడదు. అధికారి పాస్‌వర్డ్ ఇచ్చామంటే యంత్రం తాళాలన్నీ ఇచ్చినట్లే.

అసలీ ఉద్యమం మొదలవడానికీ ఇలాంటి ఒక మరమ్మతే కారణం. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో కొత్త లేజర్ ప్రింటర్‌లో కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటర్‌లో అలా జరిగితే వాడేవాళ్లకు కబురందేలా రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామ్‌ను మార్చారు. కొత్తదానికీ అదే చేద్దామంటే మూల ప్రోగ్రామ్ చేతికి రాలేదు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించడం వెనుక ఉన్న చేదు అనుభవాల్లో అదొకటి. 1991లో హెల్సింకీలో 21 ఏళ్ల విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్ దానికి తోడైంది. ఈ రోజు ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది ఆ కెర్నెలే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. మన దేశంలో సీ-డాక్ 'బాస్' పేరుతో ఒక లినక్స్‌ను తెచ్చింది. హైదరాబాద్‌లో తెలుగు తెరతో లినక్స్‌ను రూపొందించిన సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

ఆ పేరు సరైనది. ఇంగ్లిష్‌లో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట కావడంతో స్టాల్‌మన్ జీవితమంతా తేడా వివరిస్తూ వచ్చారు. మనకు రెండు మాటలున్నాయి. కానీ కొనుక్కునేటప్పుడు మొదటిదే వినబడుతుంది. ఇసయ్యా బెర్లిన్ 1958లో స్వేచ్ఛను రెండుగా విడదీసి చూపారు: అడ్డుకునేవారు లేకపోవడం ఒకటి, మన పని మన చేతిలో ఉండటం మరొకటి. తరగతిలో అది పరీక్ష ప్రశ్నలా అనిపించింది. విలేకరినయ్యాక మరోలా కనబడింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. కానీ దరఖాస్తు రాసిపెట్టే మనిషి లేని ఊళ్లో ఆ హక్కు పుస్తకంలోనే ఉండిపోవడం చూశాను. లినక్స్ సంగతీ అంతే. మూత తెరిచి చూసుకోవచ్చని లైసెన్స్ చెబుతుంది. తెరిచాక ఏం చూడాలో చెప్పే మనిషి పక్కన ఉండాలి. బాబాయికి నేను, నాకు బాబాయి దొరికాం. డెబ్భై ఏళ్ల వయసులో ఒంటరిగా ఉన్న మనిషికి లినక్స్ వేసి వెళ్లిపోవడం ఉపకారమని నేను చెప్పలేను.

అన్నిటికంటే పెద్ద దెబ్బ చివర్లో తగిలింది. బాబాయి రాసిన ఫైలు లినక్స్‌లో తెరిస్తే తెలుగు లేదు. పేజీల నిండా ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు. ఆయన ముఖం చూడలేకపోయాను.

పోయిందేమీ లేదు. ఎవరో ఇచ్చిన పాత డీటీపీ ఫాంట్‌లో ఆయన టైపు చేసుకున్నారు. అలాంటి ఫాంట్లలో ఫైలులో దాగేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. ఫాంట్ వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ముసుగు లేని చోట అసలు రూపం బయటపడుతుంది. తెలుగుకు 1991లోనే, యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, సొంత సంకేతాలు వచ్చాయి. కానీ అచ్చు పనుల్లో పాత ఫాంట్లు చాలాకాలం సాగాయి. పాత విండోస్ నుంచి ఆ ఫాంట్ ఫైలు తెచ్చి పెట్టగానే అక్షరాలు కనబడ్డాయి. అది తాత్కాలికమే. ఆ ఫాంట్ లేని ఏ యంత్రంలోనూ ఈ రాత తెలుగు కాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడ్డాయి. కొన్ని ఇంటిపేర్లు గుర్తుపట్టలేకుండా పోయాయి. రెండు వందల పేజీలూ మనిషి కూర్చుని సరిదిద్దాల్సిందే. బాబాయి కళ్లు అంతసేపు ఓర్చుకోవు. నా సెలవు అయిపోవచ్చింది.

ఆయన మనవరాలు, అంటే నా మేనకోడలు, హిందీ మీడియంలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవలేదు. టైపింగ్ క్లాసులో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో హిందీ నేర్చుకుంది. 'క' ఎక్కడ, 'త' ఎక్కడ అన్నది ఆ అమరికలో భారతీయ భాషలన్నిటికీ ఒక్కటే. లినక్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును చేర్చి, ''తాతయ్య చెప్పింది హిందీలో కొట్టినట్లే కొట్టు'' అన్నాను. ఆయన ఒక ఇంటిపేరు పలికారు. ఆమె వేళ్లు కదిలాయి. తెర మీద తెలుగు వచ్చింది.

''మావయ్యా, ఇది నేను రాసిందేనా?'' అంది.

హిందీలో వాడని పొట్టి ఎ, ఒ లాంటివి మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆయన చదువుతారు, ఆమె తప్పు పడ్డ మాటను కొట్టేసి మళ్లీ టైపు చేస్తుంది. మూడో రోజుకు కొన్ని అక్షరాలు చూసే గుర్తుపట్టింది. ఒకచోట ఆగి, ''ఈమె మా ముత్తవ్వేనా?'' అని అడిగింది. ఆ పేజీ మీద వాళ్లిద్దరూ ఆ పూటంతా ఉండిపోయారు.

నేను తిరిగి వచ్చే రోజుకు నలభై పేజీలు పూర్తయ్యాయి. ఒక లోపం మాత్రం తీరలేదు. మూత వేస్తే నిద్రలోకి జారే లాప్‌టాప్ ఒక్కోసారి మేలుకోవడం లేదు. లాగ్‌లు చూశాం, కొత్త కెర్నెల్ వేశాం, కుదరలేదు. మూత వేసినా తెర మాత్రమే ఆరిపోయేలా సెట్టింగ్ మార్చాను. ఇది మరమ్మతు కాదని బాబాయి ఒప్పుకోలేదు, ఊరుకోనూ లేదు. పట్టా బాగుపడేదాకా డ్రైవర్‌కు కాషన్ ఆర్డర్ ఇచ్చి బండిని నెమ్మదిగా పోనిస్తారట. రిజిస్టర్లో అదే రాశారు: 'మూత వేయరాదు. కాషన్ ఆర్డర్ అమల్లో ఉంది.' పక్కన 'సరైన వేళ' గడి ఖాళీగా వదిలేశారు.