బార్లీనీళ్లును బీరును

మద్యమని పేరుగల దంతయు నొకటి కాదు. మన ధర్మశాస్త్రములు సురను గౌడి, పైష్టి, మాధ్వి యని మూడు విధములుగా చెప్పినవి. వానిలో ధాన్యపు పిండితో చేసినది పైష్టి. నేటి బీరు ఆ జాతిలోనిదే. త్రాగని మనకు దీని భేదము లేల యని సోదరీమణులు శంకింపవచ్చును. ఇంటి సొమ్మును, ఇంటివారి యారోగ్యమును కాపాడువారము మనమే కదా!

మా కంభములో ఇరుగుపొరుగు స్త్రీలు, బడిపంతులుగారి యిల్లు గావున మాకన్నియు తెలియునని కాబోలు, "అక్కా, మా ఆయన తాగేది బీరేనంట. బార్లీనీళ్లలాంటిదేనంట. నిజమేనా?" అని యడుగుచుందురు. అందుచేత మేము తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

బిడ్డల జావకు రాగులను మొలకెత్తించి యెండబెట్టినట్లే, బీరునకు బార్లీని మొలకెత్తించి యెండింతురు. వేడినీట తీసిన దాని తీయని రసమును, చేదునిచ్చు హాప్సు పూవులతో కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. ఆ ఈస్టు తీపిని తిని మద్యసారముగా మార్చును. బార్లీనీళ్లకును బీరునకును భేద మిచ్చటనే పుట్టినది.

ఇక బీరులోని రకములు ముఖ్యముగా ఈస్టును బట్టియు, ధాన్యమును బట్టియు కలుగును. వెచ్చదనమున త్వరగా పులిసి, పండ్ల వాసన నిచ్చునది ఏలు. చలువలో, సుమారు 10 డిగ్రీల వద్ద మెల్లగా పులిసి, వారములకొలది నిలువయుండి తేటపడునది లాగరు. బొహీమియాలోని పిల్సెను నగరమున 1842లో పుట్టిన బంగారువన్నె లాగరే పిదప లోకమంతట వ్యాపించినది. నల్లగా వేయించిన బార్లీతో చేసి, కాఫీవంటి చేదుగలది స్టౌటు. గోధుమలు కలిపిన బీరు తరచుగా కలకబారి యుండును.

అయితే రంగు చూచి బలము నెంచరాదు. నల్లని ఐరిషు స్టౌటులో మద్యసారము సుమారు 4 శాతమే యుండవచ్చును. బంగారువన్నె "స్ట్రాంగు" బీరులో 8 శాతము వరకు నుండవచ్చును. లెక్క వేసి చూడుడు. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతమైన 32 మిల్లీలీటర్లకు పైగాను, 8 శాతమైన 52 మిల్లీలీటర్లును మద్యసారమే. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో నుండునది సుమారు 26. అనగా అట్టి స్ట్రాంగు సీసా యొకటి రెండు పెద్ద పెగ్గులకు సమానము!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చదువుకొనుచు సారాను ఎదిరించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. వారికి శత్రువు పేరు తెలిసియుండెను. "బీరే కదా" యను మాటచాటున వచ్చుదానిని గుర్తించుట కష్టము. కావున సోదరీమణులారా, సీసాపై పేరుతో తృప్తిపడక శాతమును చదువుడు. చదువురాని పొరుగింటి యామెకు చదివి వినిపింపుడు. అంకె తెలిసిన యిల్లాలి యెదుట బార్లీనీళ్ల మాట చెల్లదు.