పట్టాలు ఉన్నాయి, నడిపేవాళ్ళు లేరు



పోస్టు కొంచెం పొడుగే. రైళ్ళ గురించి. మన గ్రూపుకీ గూడ్సు బళ్ళకీ ఏం సంబంధం అనుకోకండి, చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మా డిగ్రీలో లాజిస్టిక్స్ పేపర్ ఉంది. సరుకు రవాణా ఆగిపోయిన ఒక సంఘటన తీసుకుని సెమినార్ చెప్పమంటే నేను జర్మనీలోని రాష్టాట్ అనే ఊరిని తీసుకున్నాను. ఊరు చిన్నదే. కానీ నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు నుంచి ఇటలీలోని జెనోవా రేవు దాకా వెళ్ళే పెద్ద సరుకు మార్గం ఆ ఊరి మీదుగానే పోతుంది. రోజుకి దాదాపు 200 గూడ్సు బళ్ళు నడిచే లైను అది. కార్లు, రసాయనాలు, కంటైనర్లు, ఇనుము, ఏది కావాలన్నా దాని మీదే.

ఆ లైను చాలట్లేదని అప్పట్లో ఊరి కింద 4.27 కిలోమీటర్ల కొత్త సొరంగం తవ్వుతున్నారు. ఒకచోట సొరంగం పాత పట్టాల కిందనుంచే వెళ్ళాలి. పట్టాలకీ సొరంగానికీ మధ్య ఉన్నది కొద్ది మీటర్ల మట్టి. అది జారకుండా గొట్టాలు దించి నేలని గడ్డకట్టించారు. పైన రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, కింద యంత్రం తవ్వుతూనే ఉంది. 2017 ఆగస్టు 12న కింద సొరంగంలోకి నీళ్ళూ మట్టీ వచ్చేశాయి, పైన పట్టాలు కుంగిపోయాయి. రైళ్ళని వెంటనే ఆపేశారు కాబట్టి ప్రాణాలు పోలేదు. కానీ లైను మూతపడింది. నేల ఇంకా జారకుండా 160 మీటర్ల సొరంగాన్ని కాంక్రీటుతో నింపేశారు. తవ్వే యంత్రం అందులోనే ఉండిపోయింది. పైన మందపాటి కాంక్రీటు పలక పోసి, దాని మీద కొత్త పట్టాలు వేసి, అక్టోబర్ 2న మళ్ళీ తెరిచారు. మొత్తం 51 రోజులు.

మనుషుల్ని రాష్టాట్ నుంచి బాడెన్‌బాడెన్‌కి బస్సుల్లో దాటించారు. గూడ్సుని బస్సెక్కించలేం కదా. దాన్ని వేరే దారిన పంపాలి. మ్యాపు చూస్తే దారులకి కొదవ లేదు. తూర్పున స్టుట్‌గార్ట్ నుంచి సింగెన్ వెళ్ళే లైను ఉంది. పడమట నది దాటితే ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బోర్గ్ మీదుగా లైను ఉంది. దూరమైనా ఆస్ట్రియాలో బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీకి లైను ఉంది. నేనూ మొదట మ్యాపే చూశాను. కష్టమంతా మ్యాపులో కనిపించని చోట ఉంది.

సింగెన్ లైనులో హోర్బ్ అనే ఊరు దాటాక చాలా దూరం ఒకే ట్రాకు. ఒకప్పుడు రెండు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నష్టపరిహారం కింద ఫ్రాన్స్ వాళ్ళు రెండో ట్రాకు ఊడదీసుకుపోయారు, చాలావరకు మళ్ళీ వెయ్యలేదు. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ లైను మీద కూడా మరమ్మతులు జరుగుతున్నాయి. పెద్ద లైను బందైతే ఇది కావాలి అన్న ఆలోచన ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఫ్రాన్స్ వైపు కరెంటు వేరు. జర్మనీ, స్విట్జర్లాండ్ లైన్లలో 15 వేల వోల్టులు, ఆ ఫ్రాన్స్ లైన్లలో మన ఇండియాలో లాగా 25 వేలు. సిగ్నళ్ళు కూడా వేరే. రెండు చోట్లా నడిచే ఇంజన్లు కొన్నే. సరే, ఇంజను ఎలాగో దొరికిందనుకుందాం. నడిపే మనిషి?

నన్ను అక్కడే ఆపేసింది ఈ విషయం. విమానం నడిపేవాళ్ళు ఏ దేశమెళ్ళినా ఇంగ్లీషులో మాట్లాడుకోవచ్చు. యూరప్‌లో రైలు నడిపేవాళ్ళు మాత్రం ఏ దేశంలో నడిపితే ఆ దేశ భాషలో కంట్రోలర్‌తో మాట్లాడగలగాలి. ఆపద వచ్చినప్పుడు అర్థం కాకపోతే ప్రాణాలు పోతాయని ఆ రూలు. దాంతోపాటు ఆ దారి కూడా తెలిసుండాలి. ఎక్కడ ఎత్తు, ఎక్కడ వాలు, ఏ సిగ్నల్ ఏ మలుపు వెనక ఉంది అన్నీ. జర్మన్ డ్రైవర్లు చాలామందికి ఫ్రెంచి రాదు, ఆ దారి తెలీదు. పట్టాలు ఖాళీగా ఉన్నా బళ్ళు నిలబడిపోయాయి. కొంత సరుకు లారీలకి, కొంత రైన్ నది పడవలకి మళ్ళింది. మిగిలింది యార్డుల్లో ఉండిపోయింది. సరుకు రైళ్ళ సంఘాలు చేయించిన అధ్యయనం 2018లో లెక్క చెప్పింది: నష్టం 200 కోట్ల యూరోల పైనే.

అంతకు ముందు ఏడాదే స్విట్జర్లాండ్ ఇదే మార్గంలో ఆల్ప్స్ కొండల కింద 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం తెరిచింది. ప్రపంచంలోనే పొడవైన రైలు సొరంగం. అంతటి సొరంగం ఉండి కూడా, ఇవతల చిన్న ఊళ్ళో పట్టాలు కుంగితే దానికి సరుకు సరిగ్గా అందలేదు.

2018లో యూరప్ రైల్వే సంస్థలు కలిసి ఒక పద్ధతి రాసుకున్నాయి. మూడు రోజులకి మించి పెద్ద లైను ఆగితే బళ్ళు ఏ దారిన వెళ్ళాలి, ఎవరు ఎవరికి చెప్పాలి అని ముందే పథకాలు తయారు పెట్టుకోవాలి. అంటే లైను మూసుకుపోయిన రోజున కూర్చుని దారి వెతకడం కాదు, బాగున్న రోజుల్లోనే దారి నేర్చుకుని ఉండాలి.

మన అరకు వైపు వాళ్ళకి ఇది కొత్త కాదు. బైలదిల్లా ఖనిజం దించడానికి 1960లలో వేసిన కొత్తవలస కిరండూల్ లైను మన కొండల్లోంచి, సొరంగాల్లోంచి వెళ్తుంది. వానాకాలం కొండచరియ పడితే కిరండూల్ బండిని విజయనగరం, పార్వతీపురం, రాయగడ చుట్టూ తిప్పి కోరాపుట్ చేరుస్తారు. మన లోకో పైలట్లు కూడా కొత్త లైను మీద బండి నడపాలంటే ముందు ఆ దారి తెలిసినవాళ్ళ పక్కన ఉండి కొన్ని ట్రిప్పులు తిరగాలి. దాన్ని ఎల్‌ఆర్ అంటారు, లెర్నింగ్ రోడ్.

ఇప్పుడు మన సంగతి. మా ఇంట్లో కువి మాట్లాడతాం. బళ్ళో తెలుగు. డిగ్రీకొస్తే అంతా ఇంగ్లీషు. రెండుసార్లు లైను మారింది, రెండుసార్లూ కరెంటు మారింది, సిగ్నళ్ళు మారాయి. సీటు ఉంది, హాస్టల్ ఉంది, స్కాలర్‌షిప్ ఉంది. మ్యాపు చూసేవాళ్ళకి దారి కనిపిస్తుంది, ఇంకేం కావాలి అంటారు. పోయినేడాది మా హాస్టల్లో ఇద్దరు తమ్ముళ్ళు దసరాకి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ఇద్దరూ ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. వాళ్ళకి చదువు రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. క్లాసులో అర్థం కానిది ఎవర్ని అడగాలో, ఫీజు కాగితం ఏ కౌంటర్లో ఇవ్వాలో, బ్యాక్‌లాగ్ వస్తే ఏం చెయ్యాలో వాళ్ళ పక్కన కూర్చుని చెప్పినవాళ్ళు లేరు. ఇంట్లో అడుగుదామంటే అమ్మానాన్నలకి ఈ దారే తెలీదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్నపిల్లలకి చదువు మొదలుపెట్టే పని 2000ల్లోనే మొదలైంది. అది ప్రతి ఊళ్ళో ఆగకుండా సాగాలని మనం అడుగుతూనే ఉండాలి. కానీ ప్రభుత్వం చేసేదాకా జూనియర్లు ఆగలేరు.

అందుకే సీనియర్ అన్నలకీ అక్కలకీ నా మాట ఒకటే. ఈసారి అడ్మిషన్లు అవగానే ఒక్కొక్కరు ఒక్క జూనియర్‌ని తీసుకుందాం. మొదటి మూడు నెలలు వాళ్ళతో ఎల్‌ఆర్ తిరుగుదాం. వాళ్ళ భాష వచ్చినవాళ్ళు దొరికితే ఇంకా మంచిది. కువి, కోయ, ఆదివాసీ ఒడియా, సవర, ఏ భాషవాళ్ళు ఏ కాలేజీలో ఉన్నారో కామెంట్లో రాయండి. నేను లిస్టు తయారు చేస్తాను. దసరా లోపు కాదు, క్లాసులు మొదలయ్యేలోపే కావాలి.

జోహార్.