యుజు, అక్కలకర్ర, కాల్వగట్టు తాడిచెట్టు

మందు గురించి తెలుగులో రాయాలంటే ముందే ఒక చిక్కు. మత్తు గురించి మన దగ్గర మాటలకు కొదవ లేదు. రుచి ఎలా ఉందని అడిగితే మాత్రం "ఘాటుగా ఉంది", "స్మూత్‌గా దిగింది" దగ్గరే ఆగిపోతాం. క్యోటోలో తయారయ్యే ‘కి నో బి’ అనే జిన్ను ఒక ఫ్రెండ్ జపాన్ నుంచి తెచ్చాడు. తాగుతుంటే నోట్లో ఒకదాని తర్వాత ఒకటిగా ఏవేవో తగులుతున్నాయి, ఒక్కదానికీ నా దగ్గర పేరు లేదు. యుజు, హినోకి, సన్షో అని చదివితే చెవికి బాగానే ఉంది గానీ నాలుకకు అందలేదు. ఎందుకంటే ఈ నాలుక కోదాడ పక్కన అనంతగిరిలో తయారైంది. వికారాబాద్ కొండల అనంతగిరి కాదు, అరకు దారిలోదీ కాదు. సూర్యాపేట జిల్లాలో, వరి పండే వైపు ఉన్నది.

అసలు జిన్ను అంటే ఏమిటి? పెద్దగా రుచీ వాసనా లేని స్పిరిట్‌కి జునిపర్ కాయలు, వేర్లు, తొక్కలు, గింజల వాసన పట్టించిన మందు. చాలా జిన్నుల్లో జునిపర్ తర్వాత ముఖ్యమైన దినుసు ఏంటో తెలుసా? ధనియాలు. 2016లో మార్కెట్లోకి వచ్చిన కి నో బిలో పదకొండు దినుసులుంటాయి. వాటిని ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపునూ విడిగా బట్టీ పెట్టి, చివర్లో కలుపుతారు. ఇది విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. కూరపొడి కొట్టే ఏ ఇంట్లోనైనా ఇదే పద్ధతి. ధనియాలూ మెంతులూ ఒకే మూకుట్లో ఒకేసారి వేయం. ధనియాలు వేగేలోపు మెంతులు మాడిపోతాయి. దేని వేడి దానిది.

ఇక రుచి. ముందు తగిలేది యుజు, జపాన్ వాళ్ల ఒక రకం నిమ్మ. పులుపు కాదు, తొక్క వాసన. మా పాత నల్గొండ జిల్లా బత్తాయికి పేరు. బత్తాయి తొక్కను గోరుతో గీరితే కళ్లలోకి చిమ్మే ఆ చేదు నూనెకు దబ్బకాయ గుబాళింపు కలిపితే దాదాపు యుజు. తర్వాత జునిపర్, హినోకి. హినోకి అంటే జపాన్‌లో గుళ్లూ స్నానపు తొట్లూ కట్టే చెక్క. ఇది నాకు వెంటనే పెన్సిల్ చెక్కిన వాసనగా తట్టింది. తర్వాత చదివితే తెలిసింది, ఒకప్పుడు పెన్సిళ్లకు వాడిన అమెరికా ఎర్ర సీడర్ నిజానికి జునిపర్ జాతి చెట్టేనట. నడుమ గ్యొకురో టీ వస్తుంది. కోతకు ముందు మూడు వారాల పాటు ఎండ తగలకుండా నీడ కప్పి పెంచే టీ అది. ఆకుకూర ఉడికే గిన్నె మూత తీసినప్పటి పచ్చివాసన, దాని వెనక కొంచెం తీపి. ఆఖరికి అల్లం, సన్షో. సన్షోను మిరియం అంటారు గానీ దాని పని కారం కాదు. నాలుక కొస జివ్వుమంటుంది. అక్కలకర్ర నమిలినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఇంకో సంగతి, దీని స్పిరిట్ బియ్యంతో చేసింది. మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్య బస్సులో వెళ్లిన నాకు ఇది మామూలు విషయం కాదు. మన దేశంలోనూ నూకల నుంచి స్పిరిట్ తీస్తారు. అయితే ఆ డ్రమ్ములోకి చేరాక అది ఏ ఊరి బియ్యమో ఎవరికీ అక్కర్లేదు. క్యోటోలో మాత్రం నీళ్లు ఫుషిమివని, టీ ఉజిదని సీసా గర్వంగా చెబుతుంది. తమాషా ఏమిటంటే, ఈ డిస్టిలరీ పెట్టినవాళ్లలో బ్రిటిష్ వాళ్లున్నారు, మొదటి హెడ్ డిస్టిలర్ అలెక్స్ డేవీస్ ఇంగ్లండ్ మనిషి. బయటివాళ్లు వచ్చి స్థానిక టీ వ్యాపారినీ సాకే తయారీదారునీ అడిగారు, వాళ్ల దగ్గర చెప్పడానికి మాటలున్నాయి.

మరి మన దగ్గర లేవా? కల్లు మండువలో ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది. పొద్దటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. తెల్లారగట్ల దించింది తియ్యగా ఉండి, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. లొట్టికి లోపల సున్నం రాస్తే పులవకుండా నీరాగా నిలుస్తుంది. తాటికల్లు, ఈతకల్లు తేడా సరే, చెట్టు చెట్టుకూ తేడా చెప్పేవాళ్లున్నారు.

"ఇది ఏ చెట్టుది మామా?" అని అడిగితే, కల్లు గీసే మామ ఒక గుక్క నోట్లో తిప్పి చెప్తాడు.

"కాల్వగట్టు మీదిది బిడ్డా. దానికి నీళ్లెక్కువ, పల్చగుంటది. చెల్కల చెట్టుదైతే చిక్కగ నాలికె పట్టుకుంటది."

ఇంతకంటే నిక్కచ్చి అయిన టేస్టింగ్ నోట్ నేను ఏ జిన్ను సీసా మీదా చదవలేదు. అది ఎక్కడా అచ్చు కాదు, అంతే. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచాక చెట్టు రసం నగరానికొచ్చింది. చెట్టు చెట్టుకూ తేడా చెప్పే ఆ మాట మాత్రం ఇంకా ఊళ్లోనే ఉంది.

ఇక్కడ నోస్టాల్జియాలో మునిగిపోవడం తేలిక. కానీ మన భాషలో మందు రుచికి మాటలు తక్కువ కావడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, గాయం కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు లేచింది సారా రుచి బాగాలేక కాదు. కూలి డబ్బులు ఇంటికి చేరక. ఆ పోరాటం వల్లే 1993లో సారాను నిషేధించారు. జిన్ను పుట్టుక కూడా పవిత్రమేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దం లండన్‌లో అది పేదల కొంపలు ముంచిన మందే, 1751లో చట్టం చేసి కట్టడి చేయాల్సి వచ్చింది. అదే జిన్ను ఇవాళ చెర్రీపూలూ టీ ఆకులూ వేసుకుని అందమైన సీసాల్లో తిరుగుతోంది. పరువు తాగే మందుకు వచ్చిందా, తాగేవాళ్ల జేబును బట్టి వచ్చిందా? నా అనుమానం రెండోదాని మీదే.

అయినా కి నో బి నాకు నచ్చింది. సీసా ఖరీదు చూసి కాదు. ప్రతి గుక్కలోనూ అది ‘ఇది ఎక్కడిది’ అని అడిగించింది. ఆ ప్రశ్న మా మామకు కొత్త కాదు. ఆయన కొడుకులు చెట్టెక్కరు, ఎక్కమని నేను అననూ లేను, పడితే నడుం విరిగే పని అది. చెట్లు ఎక్కేవాళ్లు తగ్గినకొద్దీ కాల్వగట్టు చెట్టుకూ చెల్క చెట్టుకూ తేడా తెలిసిన నాలుకలూ తగ్గుతాయి. ఆ తేడా ఒకటుందని ముందైతే రాసి పెట్టుకోవాలి. యుజుకు నేను దబ్బకాయను వెతుక్కున్నట్టే, రేపెవరో క్యోటోలో కూర్చుని తాటికల్లుకు తమ మాట వెతుక్కోవచ్చు.